తాతల ఊరు ఒకచోట, కొత్త పౌరసత్వం మరొకచోట

బీరూట్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో పుట్టి పెరిగిన ఆర్మేనియన్ యువతీయువకులు ఆర్మేనియా రాజధాని యెరెవాన్ వెళ్లి స్థిరపడితే దాన్ని అందరూ స్వదేశాగమనం అంటున్నారు. ఆ మాటలోని ఆప్యాయతను కాదనలేం గానీ, చరిత్ర అంత సూటిగా లేదు. వీరిలో చాలామంది పూర్వీకులు ఒట్టోమన్ సామ్రాజ్యంలో 1915లో జరిగిన ఆర్మేనియన్ల మారణహోమం నుంచి బతికి బయటపడినవారు. వారి ఊళ్లు వాన్, మరాష్, ఖర్‌పెర్ట్ ప్రాంతాల్లో, అంటే నేటి టర్కీలో ఉన్నాయి. ఇప్పటి ఆర్మేనియా దశాబ్దాల సోవియట్ పాలన తర్వాత 1991లో స్వతంత్రమైన దేశం. అక్కడ వారికి తాతల ఇల్లు గానీ, పేరు చెబితే గుర్తుపట్టే ఇరుగుపొరుగు గానీ ఉండరు. తాము వలస వెళ్తున్నది కొత్త దేశానికేనని వెళ్లేవారూ, వారిని పిలిచే ప్రభుత్వమూ ముందే ఒప్పుకోవాలని నా అభిప్రాయం.

ఈ తేడా మొదట బయటపడేది భాషలో. లెబనాన్‌లోని ఆర్మేనియన్ బడిలో చదివిన అమ్మాయికి వచ్చేది పశ్చిమ ఆర్మేనియన్. యెరెవాన్‌లో బడి, ఆఫీసు, బజారు నడిచేది తూర్పు ఆర్మేనియన్‌లో. లిపి ఒకటే అయినా, ఆమె ‘బ’ అని పలికే అక్షరాన్ని అక్కడివారు ‘ప’ అంటారు. 1922లో సోవియట్ ఆర్మేనియా స్పెల్లింగులను సంస్కరించింది కనుక దుకాణం బోర్డు కూడా ఆమెకు తప్పుగా రాసినట్టే కనిపిస్తుంది. పశ్చిమ ఆర్మేనియన్‌ను అంతరించిపోయే ముప్పున్న భాషల జాబితాలో యునెస్కో చేర్చింది. పరాయి దేశాల్లో పట్టుబట్టి నూరేళ్లు కాపాడుకున్న ఆ భాష సొంత దేశపు బడిలోనే ఆమె పిల్లలకు దూరమైతే అంతకన్నా బాధాకరమైన విషయం లేదు.

ప్రవాసంలో ఉండి దేశాన్ని ఊహించుకోవడం ఆర్మేనియన్లకు కొత్త కాదు. వారి తొలి పత్రిక ‘అజ్‌దరార్’ 1794లో అచ్చయింది మన మద్రాసులోనే. స్వతంత్ర ఆర్మేనియా కోసం షహమీర్ షహమీరియన్ అనే వ్యాపారి రాజ్యాంగ ముసాయిదా అచ్చువేయించిందీ అక్కడే. అయితే ఊహించుకోవడం వేరు, వెళ్లి బతకడం వేరు. స్టాలిన్ ప్రభుత్వ పిలుపుతో 1946–49 మధ్య సిరియా, లెబనాన్, గ్రీస్, ఫ్రాన్స్ తదితర దేశాల నుంచి దాదాపు 90 వేల మంది సోవియట్ ఆర్మేనియాకు తరలివెళ్లారు. తిండికీ ఇళ్లకూ కటకటగా ఉన్న ఆ దేశంలో స్థానికులు వారిని ‘అఖ్‌పర్’ (‘సోదరుడు’ అనే మాటకు వారి ఉచ్చారణ) అని ఎగతాళి చేశారు, 1949లో కొందరిని ప్రభుత్వం సైబీరియాలోని ఆల్టై ప్రాంతానికి బలవంతంగా తరలించింది.

నేటి యువత స్వేచ్ఛగా వెళ్తోంది, ఇష్టం లేకపోతే వెనక్కి రాగలదు. ఆర్మేనియన్ మూలాలున్నవారు పౌరసత్వం కోరితే మూడేళ్ల నివాస నిబంధన వర్తించదు. మూలాల రుజువుకు చర్చి ఇచ్చిన బాప్తిస్మ ధ్రువపత్రం కూడా పనికొస్తుంది. 2007 నుంచి ద్వంద్వ పౌరసత్వానికీ వీలుంది. ‘బర్త్‌రైట్ ఆర్మేనియా’ వంటి సంస్థల ద్వారా కొందరు యెరెవాన్‌లోనో గ్యుమ్రీలోనో కొన్ని నెలలు స్వచ్ఛందంగా పనిచేసి, నచ్చితే అక్కడే ఉండిపోతున్నారు. నాకు ఇదే సరైన దారిగా తోస్తుంది, ఎందుకంటే జెండానూ అరరాత్ పర్వతాన్నీ చూసి కలిగే భావోద్వేగం మొదటి శీతాకాలం దాటి నిలవాలంటే చేతిలో పని, పక్కన పరిచయస్తులు ఉండాలి.

ఇంటి అద్దె సంగతి చిన్నదేమీ కాదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా నుంచి వచ్చినవారితో యెరెవాన్ అద్దెలు విపరీతంగా పెరిగాయి. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ స్వాధీనం చేసుకున్న నగోర్నో-కరబఖ్ నుంచి లక్ష మందికి పైగా ఆర్మేనియన్లు కట్టుబట్టలతో వచ్చిపడ్డారు. విదేశీ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తూ డాలర్లలో జీతం అందుకునే ప్రవాసీ, స్థానిక కరెన్సీ ద్రామ్‌లలో జీతం తీసుకునే స్థానిక ఉపాధ్యాయురాలు ఒకే ఇంటి కోసం పోటీపడితే ఇల్లు ఎవరికి దక్కుతుందో చెప్పనక్కర్లేదు. కాబట్టి కొత్తగా వచ్చేవారికి రాజధాని వెలుపల ఉద్యోగాలు చూపడం, తూర్పు ఆర్మేనియన్ నేర్పుతూనే బడుల్లో పశ్చిమ ఆర్మేనియన్‌కూ చోటివ్వడం ప్రభుత్వం చేయాల్సిన పనులు. యువకులకు నిర్బంధ సైనిక సేవ ఉన్న దేశమది. 2020లో అజర్‌బైజాన్‌తో జరిగిన యుద్ధంలో వేలాది కుటుంబాలు బిడ్డలను పోగొట్టుకున్నాయి. పౌరసత్వ పత్రంపై సంతకం పెట్టే యువకుడికి తనకు వర్తించే సైనిక నిబంధనలేమిటో ఆ కార్యాలయంలోనే, సంతకానికి ముందే, స్పష్టంగా చెప్పాలి.