పది రోజుల ఏకాంతం సరిపోదు

గగన్‌యాన్ ఇంజిన్ పరీక్షలకు, పారాచూట్ పరీక్షలకు మన పత్రికల్లో దక్కిన చోటు, ఆ నౌకలో కూర్చోబోయే మనుషులను నేల మీదే మూసిన గదుల్లో ఉంచి జరిపే పరీక్షలకు దక్కడం లేదు. 2024 నవంబరులో ఇస్రో మానవ అంతరిక్షయాన కేంద్రం భాగస్వామిగా లేహ్‌లో దేశంలోనే తొలి అనలాగ్ మిషన్, అంటే అంతరిక్ష జీవితాన్ని నేల మీదే అనుకరించే ప్రయోగం, మొదలైంది. 2025 జూలైలో గగన్‌యాన్‌కు ఎంపికైన వ్యోమగామి గ్రూప్ కెప్టెన్ అంగద్ ప్రతాప్, మరో ఇద్దరు బెంగళూరులో గగన్‌యాన్ నమూనాలో పది రోజులు గడిపారు. మూడు రోజుల గగన్‌యాన్ యాత్రకు ఈ కొలత చాలు. కానీ 2035 నాటికి సొంత అంతరిక్ష స్టేషన్, 2040 నాటికి చంద్రుడిపై భారతీయుడు అని లక్ష్యం పెట్టుకున్న దేశం నెలల తరబడి సాగే పరీక్షలకు ఇప్పుడే సిద్ధం కావాలి. ఏకాంతం మనిషిని పది రోజుల్లో పట్టి పీడించదు. అది మెల్లగా, అనుభవిస్తున్నవాడికి కూడా తెలియకుండా పని చేస్తుంది.

ఈ మాటకు గట్టి రుజువు మాస్కోలో దొరికింది. 2010 జూన్ నుంచి 2011 నవంబరు దాకా 520 రోజులు ఆరుగురు పురుషులు, అంగారకుడికి వెళ్లి వస్తున్నట్టుగా, కిటికీలు లేని గదుల సముదాయంలో బతికారు. వారి మణికట్టుకు కట్టిన పరికరాలు రాత్రింబవళ్లు కదలికలను నమోదు చేశాయి. రోజులు గడిచేకొద్దీ వారు కదలడం తగ్గిపోయి, నిద్రలోనూ విశ్రాంతిలోనూ గడిపే సమయం పెరిగింది. ఒకరి నిద్ర, మెలకువల దినచక్రం దాదాపు 25 గంటలకు జారిపోవడంతో, తోటివారు మెలకువగా ఉన్నప్పుడు ఆయన నిద్రపోయే పరిస్థితి వచ్చింది. మరొకరికి నిద్ర తగ్గి, అప్రమత్తత పరీక్షల్లో తప్పులు పెరిగాయి. గొడవల లెక్క మరీ ఆసక్తికరం. తమలో తమకు వచ్చిన తగాదాల కన్నా, బయటి నియంత్రణ కేంద్రంతో వచ్చినవే ఐదు రెట్లు ఎక్కువని వారు నమోదు చేశారు. నాలుగు గోడల మధ్య పేరుకున్న చిరాకు పక్కవాడి మీద చూపలేక దూరాన ఉన్నవాడి మీదికి మళ్లిందని నేను అనుకుంటాను. అందుకే శిక్షణ వ్యోమగాములకే పరిమితం కాకూడదు, కింద కూర్చుని ఆదేశాలు పంపేవారికీ అది అంతే అవసరం.

అమెరికాలోని హ్యూస్టన్‌లో 2023 జూన్ నుంచి 2024 జూలై వరకు 378 రోజులు సాగిన ‘చాపియా’ ప్రయోగంలో నలుగురు, త్రీడీ ముద్రణతో కట్టిన 1,700 చదరపు అడుగుల ఇంట్లో ఉన్నారు. అంగారకుడి దూరాన్ని అనుభవంలోకి తేవడానికి వారి ప్రతి సందేశాన్నీ 22 నిమిషాల దాకా ఆలస్యం చేశారు. అడిగిన ప్రశ్నకు జవాబు రావడానికి ముప్పావు గంట పడుతుందంటే అది ఇక సంభాషణ కాదు, ఉత్తరాల కాలం. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో గల్ఫ్ నుంచి వచ్చే ఉత్తరాల కోసం, మాటలు నింపి పంపిన క్యాసెట్ల కోసం ఎదురుచూసిన కుటుంబాలకు ఆ దూరం తెలుసు. ఇంట్లో ఎవరో జబ్బుపడ్డారన్న కబురు చేరేసరికి చేయగలిగిందేమీ మిగలని స్థితి అది.

ఇన్ని చేసినా ఈ ప్రయోగాలకు హద్దులున్నాయి. భారరహిత స్థితిని నెలల తరబడి నేల మీద సృష్టించలేం, చావు భయాన్ని అసలే సృష్టించలేం. 2018లో హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద మొదలైన ఒక మిషన్, సభ్యుల్లో ఒకరికి విద్యుదాఘాతం తగలడంతో నాలుగు రోజులకే ఆగిపోయింది. అంబులెన్సు రాగలిగిన చోట జరిగే ప్రయోగాన్ని అంగారకయాత్రతో సమానం అనుకోకూడదు. ఐతే నిద్ర చెడటం, మాట తగ్గిపోవడం, చిన్న తప్పులు పెరగడం వంటి వాటిని పసిగట్టడానికి తలుపు తెరుచుకునే గది కూడా పనికొస్తుంది.

ఎవరిని లోపలికి పంపాలన్న విషయంలో మాస్కో చరిత్రే మరో హెచ్చరిక చేస్తోంది. 1999లో అక్కడ మొదలైన ఇలాంటి ప్రయోగంలో ఇద్దరు పురుషులు కొట్టుకున్నారు. ఒక పురుష సభ్యుడు తన ఇష్టానికి విరుద్ధంగా తనను ముద్దుపెట్టుకున్నాడని ఒక మహిళా శాస్త్రవేత్త ఫిర్యాదు చేశారు. పదేళ్ల తర్వాత 520 రోజుల ప్రయోగానికి అందరూ పురుషులనే తీసుకున్నారు. ఇది సమస్యను తప్పించుకోవడమే. చాపియా నలుగురిలో ఇద్దరు మహిళలు. గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ వాయుసేన టెస్ట్ పైలట్లు, నలుగురూ పురుషులు. కనీసం అనలాగ్ ప్రయోగాల్లోనైనా మహిళలను మొదటి నుంచే సమానంగా తీసుకోకపోతే, రేపటి స్టేషన్‌కు సగం జనాభా గురించి ఏ సమాచారమూ లేకుండా ప్రణాళిక వేస్తాం.

ఉత్తర తెలంగాణకు దీనితో ఏం పని అనేవారికి 2010 నాటి చిలీ గని ప్రమాదాన్ని గుర్తుచేయాలి. 33 మంది కార్మికులు భూగర్భంలో 69 రోజులు చిక్కుకుపోతే, ఆ దేశం కోరిన మీదట నాసా ఇద్దరు వైద్యులను, ఒక మానసిక నిపుణుడిని, ఒక ఇంజినీరును పంపింది. పస్తులున్నవారికి ఆహారం ఎలా పెంచాలి, చీకట్లో పగలూ రాత్రీ తేడా ఎలా నిలపాలి అన్నది అంతరిక్షం కోసం పోగుచేసిన జ్ఞానమే. ఆ దారి ఇటు నుంచి అటు, అంటే గనుల నుంచి అంతరిక్షానికి కూడా నడవాలి. శ్రీరాంపూర్‌లోనో భూపాలపల్లిలోనో బొగ్గు బాయిలో దిగే సింగరేణి కార్మికుడు, చలికాలంలో మొదటి షిఫ్టుకు చీకటితోనే ఇల్లు వదిలి, తల మీది దీపం వెలుగులో పూట గడుపుతాడు. రెస్క్యూ బృందాలవారు వీపున శ్వాస పరికరం కట్టుకుని, వేడి, పొగ నింపిన గ్యాలరీలో పనిచేయడం సాధన చేస్తారు. అదీ ఒక అనుకరణ శిక్షణే. షిఫ్టులు మారేటప్పుడు వీరి నిద్ర ఏమవుతోందో, ఒత్తిడిలో నిర్ణయాలు ఎలా తీసుకుంటారో కాకతీయ మెడికల్ కాలేజీ వైద్యులు, వరంగల్ నిట్ ఇంజినీర్లు కలిసి కొలవగలరు. ఆ ఫలితాలతో ముందుగా బాగుపడాల్సింది కార్మికుడి ఆరోగ్యమే, ఆ తర్వాతే వ్యోమగామి సంగతి.

మన దగ్గర అంతరిక్షం అనగానే పిల్లలు రాకెట్ బొమ్మలు చేస్తారు, ఇంజినీరింగ్ కాలేజీలు ఉపగ్రహాల మీద సదస్సులు పెడతాయి. మానసిక శాస్త్రం, పోషకాహారం, నర్సింగ్ చదివేవారికి ఇందులో చోటుందని వారికి ఎవరూ చెప్పడం లేదు. 2035కి స్టేషన్ సిద్ధం కావాలంటే, అందులో నెలల పాటు ఉండబోయేవారి ఎంపిక అంతకు చాలా ముందే పూర్తి కావాలి. అంటే కనీసం ఆరు నెలల అనలాగ్ ప్రయోగం రాబోయే రెండు మూడేళ్లలోనే మొదలుకావాలి. దాని నమోదులు, వ్యక్తిగత వివరాలు తీసేసి, వరంగల్ వంటి ఊళ్ల విశ్వవిద్యాలయాలకు కూడా అందేలా ఇస్రో ముందే నిబంధన పెట్టాలి.