ఇద్దరు గైడ్లు సరే, తుది మాట ఎవరిది?

పీహెచ్‌డీ విద్యార్థికి ఇద్దరు గైడ్లు ఉండటం ఇప్పుడు వింతేమీ కాదు. బ్రిటన్‌లో ప్రధాన గైడ్‌కు తోడు మరొకరు ఉండటం మామూలే. ఫ్రాన్స్‌లోని ‘కోట్యుటెల్’ పద్ధతిలో విద్యార్థి రెండు దేశాల విశ్వవిద్యాలయాల్లో చెరో గైడ్ దగ్గర పనిచేస్తూ ఒకే థీసిస్ రాస్తాడు. జన్యుశాస్త్రం, గణాంకశాస్త్రం రెండూ కావాల్సిన అంశాన్ని ఒక్కరే చూడటం కష్టం. పైగా ఒక గైడ్ ఉద్యోగం మారినా, రిటైరైనా విద్యార్థి దిక్కులేనివాడు కాడు.

మరి ఇబ్బంది ఎక్కడ? గైడ్లకు పడకపోవడమే కారణమని చాలామంది అంటారు. నాకలా అనిపించదు. రెండో మనిషిని పెట్టుకునేదే రెండో అభిప్రాయం కోసం. ఆ తేడా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నప్పుడు కాకుండా, విద్యార్థి డ్రాఫ్ట్ మార్జిన్‌లో బయటపడటంతోనే చిక్కు మొదలవుతుంది. మూడో అధ్యాయంలో ఒక పేరా పక్కన ఒకరు ‘ఇది అనవసరం, తీసేయండి’ అంటారు. అదే పేరా పక్కన ఇంకొకరు ‘ఇదే అసలు విషయం, ఇంకా విస్తరించండి’ అని రాస్తారు. విద్యార్థి రెండు ఫైళ్లు తయారుచేసి, ఎవరికి నచ్చేది వాళ్లకు పంపుతాడు. అడకత్తెరలో పోకచెక్క బతుకు! నెలలు గడిచాక ఆ రెండు ఫైళ్లనూ ఒకటి చేయాల్సి వస్తుంది. అసలు టెన్షన్ అప్పుడు.

ఇద్దరికీ సమాన హోదా ఇస్తే న్యాయంగా ఉంటుందనుకుంటాం. ఆచరణలో అది ‘ఆయన చదివే ఉంటారులే’ అని ఇద్దరూ ఊరుకోవడానికి దారితీస్తుంది. అందుకే తుది మాట ఒకరిదని మొదట్లోనే తేల్చాలి. పద్ధతి విషయంలో ఒకరిది, సిద్ధాంతం విషయంలో మరొకరిది అని పంచుకున్నా ఫర్వాలేదు. పరిశోధన పేపర్లలో రచయితల పేర్ల వరుస కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. ఫలితాలు వచ్చాక ఆ మాటెత్తే ధైర్యం విద్యార్థికి ఉండదు. ఇక పేరుకు మాత్రమే ఉండే కో-గైడ్ సంగతంటారా, అసలు లేకపోవడమే మేలు.

ఉమ్మడి సమావేశాలు తరచూ కుదరవు. ప్రతి అధ్యాయానికి ఒక్కసారైనా ముగ్గురూ కలిస్తే చాలు. అయ్యాక అదే రోజు విద్యార్థి ఇద్దరికీ ఒకే మెయిల్ పంపాలి: ‘ఇలా అనుకున్నాం, తేడా ఉంటే చెప్పండి’. చేరినప్పుడు సంతకాలు పెట్టిన ఒప్పంద పత్రాన్ని మళ్లీ ఎవరూ తెరవరు. ఈ మెయిల్‌ను మాత్రం పేచీ వచ్చిన ప్రతిసారీ వెతుక్కుంటారు.