సవరణ: తాగుడు మానితే హింస ఆగుతుందా?

"జంట చికిత్సతో తాగుడు మానితే ఇంట్లో హింస ఆగిపోతుంది" అన్న వాక్యాన్ని ముందటి పోస్టు నుంచి తీసేశాం. అందుకు ఆధారంగా చూపిన 2004 నాటి ఓఫారెల్ బృందం పరిశోధన అంత మాట అనలేదు. తాగుడు మాన్పించేందుకు భాగస్వామితో కలిపి చికిత్స ఇచ్చిన పురుషుల్లో, ఆమెపై చేయిచేసుకున్నవారు చికిత్సకు ముందు ఏడాది 60 శాతం, తర్వాతి ఏడాది 24 శాతం. మళ్లీ తాగినవారిలో 30. కోలుకున్నవారిలోనూ 12 శాతం మిగిలింది. మద్యం సమస్య లేని జంటల్లోనూ అంతే. చికిత్స అందని తాగుబోతుల బృందంతో పోల్చలేదు కాబట్టి, తగ్గుదలంతా చికిత్స ఫలితమేనని చెప్పలేం.

ఇంకో ముఖ్యమైన చేర్పు: జంటను కలిపి కూర్చోబెట్టే ముందు హింస గురించి ఇద్దరినీ విడివిడిగా అడగాలి. అతని ఎదుట ఆమె నిజం చెప్పలేకపోవచ్చు, చెబితే ఇంటికెళ్లాక దెబ్బలు పడొచ్చు. గాయాలు, ఆయుధం, ప్రాణభయం ఉంటే ఉమ్మడి చికిత్స వద్దు. ముందు ఆమె భద్రత. అతనికి మద్యం చికిత్స విడిగా.