ఉప్పు లెక్క

తిరుపూర్‌లో చిన్న డైయింగ్ యూనిట్. నడిపేది ఇంట్లో తెలుగు మాట్లాడుకునే అన్నదమ్ములు. (మధ్యమధ్య దొర్లే తమిళం నేను తీసేశాను.) తమ్ముడు సాఫ్ట్ ఫ్లో మెషీన్‌కి (తక్కువ నీళ్లతో గుడ్డకి రంగేసేది) కొటేషన్ తెచ్చాడు. అన్న ఇంకా కవరు విప్పలేదు.

అన్న: మళ్లీ అప్పా? 2011లో మద్రాసు హైకోర్టు డైయింగ్ యూనిట్లన్నీ మూయించినప్పుడు నువ్వు కాలేజీలో ఉన్నావు. తాళం వేసిన షెడ్డుకి వడ్డీ కట్టింది నేను.

తమ్ముడు: ఊరికే మూయించారా అన్నయ్యా? రంగునీళ్లన్నీ నొయ్యల్ నదిలోకి వదిలాం. ఒరత్తుపాళయం డ్యామ్ కట్టింది సాగుకి. చివరికి ఆ ఆయకట్టు రైతులే కోర్టుకెక్కారు.

అన్న: కాదన్నానా? అందుకేగా అందరం వాటాలేసుకుని నీళ్లు శుద్ధి చేసే ఆర్‌ఓ, మిగిలింది ఆవిరి చేసే ఎవాపరేటర్లు పెట్టాం. చుక్క బయటికి పోవడం లేదు.

తమ్ముడు: పోవడం లేదు, సరే. ఆర్‌ఓ వదిలేసిన ఉప్పునీళ్లు మరిగించడానికి బాయిలర్లో ఎంత కట్టె తగలేస్తున్నాం? మళ్లీ వాడలేని మిక్స్‌డ్ సాల్ట్ బస్తాలకు బస్తాలు పేరుకుపోయాయి.

అన్న: నదిలో కంటే గోడౌన్లో మేలు కాదూ?

తమ్ముడు: మేలే. అసలు అంత ఉప్పు ఎందుకు పోస్తున్నాం? మన వించ్ మెషీన్‌కి కిలో గుడ్డకి 20 లీటర్ల నీళ్లు. ముదురు రంగు గుడ్డకి పట్టాలంటే లీటరుకి 60 గ్రాముల ఉప్పేసుకో, మొత్తం 1,200 గ్రాములు. గుడ్డ కంటే ఉప్పే బరువు! సాఫ్ట్ ఫ్లోలో 6 లీటర్లు చాలు, ఉప్పు 360 గ్రాములు. వేసిన ఉప్పు గుడ్డలో ఉండిపోదు కదా, నీళ్లతోనే పోతుంది.

అన్న: (కవరు విప్పి) ఈ అంకె చూశావా? బయ్యర్ తరఫు మనిషి వస్తాడు, ఆర్‌ఓ దగ్గర ఫొటోలు తీసుకుంటాడు. మరుసటి నెల పీసు మీద రూపాయి తగ్గించమంటాడు. నీ కిస్తీ వాడు కడతాడా? పైగా మనకొచ్చేవి చిన్న లాట్లు. సగం నిండని మెషీన్‌లో నీ 6 లీటర్ల లెక్క నిలబడదు.

(ఈ ఒక్క మాటలో అన్నదే పైచేయి.)

తమ్ముడు: నిలబడదు. అందుకే చిన్న సైజుకి అడిగాను. ఒక వించ్ ఉంచేద్దాం.

అన్న: మన మాస్టర్ సంగతేంటి? ముప్పై ఏళ్లుగా కంటిచూపుతో షేడ్ పట్టినవాడు.

తమ్ముడు: అడిగాను. “నాకు నేర్పిస్తారా?” అన్నాడు.

అన్న: (కాసేపు ఆగి) కంపెనీవాళ్లు వచ్చి నేర్పిస్తారా? ఇందులో ఆ మాట లేదే. రాయించుకురా, అప్పుడు చూద్దాం.