269–270: ఆ ఒక్క ఓటు గమాంగ్‌దేనా?

2024 జూన్‌లో ఫలితాలొచ్చి బీజేపీ 240 దగ్గర ఆగిపోగానే తెలుగు చానళ్లలో చర్చంతా ఒక్కదాని చుట్టే తిరిగింది: పదహారు మంది ఎంపీలున్న టీడీపీ స్పీకర్ పదవి అడుగుతుందా, అడగదా? అడిగి తీరాలన్నవాళ్లు, ఒకప్పుడు టీడీపీ నుంచి లోక్‌సభ స్పీకర్ అయిన బాలయోగి పేరెత్తారు. బాలయోగి పేరెత్తితే 1999 ఏప్రిల్ 17 గుర్తు రావాలి. కానీ ఆ రోజు గురించి మనం చెప్పుకునే కథ ఇంకొకరిది.

ఆ కథ అందరికీ తెలిసిందే. వాజపేయి విశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. అనుకూలం 269, వ్యతిరేకం 270. కోరాపుట్ ఎంపీ గిరిధర్ గమాంగ్ అప్పటికి రెండు నెలల ముందే ఒడిశా ముఖ్యమంత్రి అయ్యారు, ఎంపీ పదవికి మాత్రం రాజీనామా చేయలేదు. ఢిల్లీ వచ్చి ఓటేశారు, ప్రభుత్వం పడిపోయింది. పాతికేళ్లుగా ఆ నింద ఆయన మీదే ఉంది.

ఇప్పుడు కాగితం మీద లెక్క వేసి చూద్దాం. గమాంగ్ రాకపోయి ఉంటే 269–269. అంటే టై మాత్రమే, గెలుపు కాదు. నేషనల్ కాన్ఫరెన్స్ ప్రభుత్వం వైపు ఉంటే, ఆ పార్టీ ఎంపీ సైఫుద్దీన్ సోజ్ ఎదురు తిరిగి వ్యతిరేకంగా ఓటేశారు. పార్టీ ఆయన్ని బహిష్కరించింది. ఆయన మాట వినుంటే 270–269, ప్రభుత్వం గట్టెక్కేది. అటూ ఇటూ మారిన ఓటు విలువ రెండు కదా. బీఎస్పీ సభ్యులు ఐదుగురు తటస్థంగా ఉంటారనుకున్నారు, తీరా వ్యతిరేకంగా మీట నొక్కారు. వాళ్లు ఊరుకుని ఉంటే 269–265. ఈ ముగ్గురిలో నష్టం తక్కువ చేసింది గమాంగే. పైగా ఆయన కాంగ్రెస్ మనిషి, కాంగ్రెస్ విప్ ప్రకారమే ఓటేశారు. ముఖ్యమంత్రి అయ్యాక ఆరు నెలల్లోగా శాసనసభకు ఎన్నికైతే చాలని రాజ్యాంగమే వెసులుబాటు ఇచ్చింది. అప్పటికింకా ఆయన ఎమ్మెల్యే కూడా కాదు. ఉచితానుచితాల మాట వేరు. ఆ మాటను స్పీకర్ ఆయన విజ్ఞతకే వదిలేశారు.

ఆ స్పీకరే జి.ఎం.సి. బాలయోగి. కోనసీమ నుంచి వెళ్లి లోక్‌సభ స్పీకర్ పీఠం ఎక్కిన తొలి దళితుడు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. రాజ్యాంగం 100వ అధికరణ ప్రకారం స్పీకర్ మొదటి విడతలో ఓటు వేయకూడదు. రెండు వైపులా సమానమైతేనే ఆయన నిర్ణాయక ఓటు. 1998లో టీడీపీ గెలిచింది పన్నెండు స్థానాలు. అందులో ఒకరు పీఠం మీద కూర్చున్నాక సభలో మిగిలేది పదకొండు ఓట్లే. పెళ్లి పెద్దగా కూర్చోబెట్టినవాణ్ణి పంక్తిలో లెక్కెయ్యలేం. ఒకవేళ ప్రతిపక్షం మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టి, బాలయోగి మామూలు ఎంపీగా ఉంటే? 270–269. వాజపేయి ప్రభుత్వం నిలిచేది. అదేమీ ఊహకందని ఏర్పాటు కాదు. అంతకుముందు యునైటెడ్ ఫ్రంట్ హయాంలో స్పీకర్‌గా ఉన్న పి.ఎ. సంగ్మా, ప్రభుత్వంలో లేని కాంగ్రెస్ సభ్యుడే.

మరి ఒక ఓటు పోతుందని తెలిసీ మిత్రపక్షాలు ఆ పీఠం కోసం ఎందుకు పట్టుబడతాయి? ఓటు కంటే విలువైంది అక్కడ ఉంది కాబట్టి. ఫిరాయింపుల పిటిషన్ మీద తేల్చేది స్పీకర్. ఆ రోజుల్లో మూడో వంతు సభ్యులు విడిపోతే దాన్ని చీలికగా గుర్తించి, అనర్హత నుంచి మినహాయించేవారు. 2003లో 91వ సవరణతో ఆ దారి మూశారు. చిన్న పార్టీకి ఎప్పుడూ ఉండే భయం పెద్ద మిత్రుడు తన ఎంపీలను లాగేసుకుంటాడేమోనని. తాళం చెవి తన మనిషి దగ్గరుంటే ఆ భయం ఉండదు. అంటే మిత్రుణ్ణి నమ్మనందుకు కట్టుకున్న బీమా అది. ప్రీమియం మాత్రం కట్టింది ప్రభుత్వం.

1998 మార్చి 28న ఇదే వాజపేయి 274–261తో గెలిచారు. తేడా పదమూడు. ఏడాది తిరిగేసరికి అన్నాడీఎంకే తన పద్దెనిమిది మందితో అటు వెళ్లిపోయింది. అంతమంది అటు మారితే లెక్క ముప్ఫై ఆరు తిరగబడాలి. అలా జరగకుండా డీఎంకే ఆరుగురితో ఇటు వచ్చింది, అలిగి వెళ్లిన హర్యానా నేత చౌతాలా వర్గం చివర్లో తిరిగొచ్చింది. అంత కూడగట్టుకున్నాక మిగిలిన లోటు ఒకటి. నా దృష్టిలో ఆ ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోలేదు, ఒక్క ఓటు దాకా లాక్కొచ్చింది.

లోక్‌సభలో ఓటు వేయడం కూడా రెండు చేతుల పనే. ఒక చేత్తో ఓటింగ్ స్విచ్, ఇంకో చేత్తో పచ్చదో ఎర్రదో పసుపుదో మీట, రెండో గంట మోగేదాకా అలా నొక్కి పట్టుకోవాలి. పొరపాటున తాకింది అని చెప్పుకోవడానికి వీల్లేదు. ఆ 270 మందీ తెలిసే ఎర్ర మీట నొక్కారు. తెలియందల్లా ఆ తర్వాత ఎవరు ప్రధాని అన్నదే. నాలుగు రోజులకు సోనియా గాంధీ రాష్ట్రపతి భవన్ బయట తమ వైపు 272 మంది ఉన్నారన్నారు. సమాజ్‌వాదీ పార్టీ నేత ములాయం సింగ్ మద్దతుకు ససేమిరా అన్నారు. ఏప్రిల్ 26న రాష్ట్రపతి నారాయణన్ లోక్‌సభను రద్దు చేశారు. కార్గిల్ యుద్ధం నడిపింది, సభలో ఓడిపోయిన ఆపద్ధర్మ ప్రభుత్వమే.

జర్మనీలో ఇలా కుదరదు. ఉన్న ఛాన్సలర్‌ను దించాలంటే అదే తీర్మానంలో కొత్త ఛాన్సలర్ పేరు రాసి గెలిపించాలి. 1982లో ష్మిట్ పోయి కోల్ వచ్చింది అలాగే. మన లా కమిషన్ 1999లోనే తన 170వ నివేదికలో ఆ తరహా మార్పు సూచించింది. ఏ పార్టీ దాన్ని పట్టించుకోలేదు. ఎందుకు పట్టించుకుంటుంది? ఈ రోజు ప్రభుత్వంలో ఉన్నవాడు రేపు కూల్చే వైపు ఉండొచ్చు కదా.

ఆ సెప్టెంబరు–అక్టోబరు ఎన్నికల్లో టీడీపీకి 29 స్థానాలొచ్చాయి. మళ్లీ బయటి నుంచే మద్దతు, మళ్లీ బాలయోగే స్పీకర్. ఈసారి ఎన్డీఏ బలం మూడొందల దరిదాపుల్లో ఉంది. పీఠం మీద కూర్చున్న ఆ ఒక్క ఓటును ఎవరూ లెక్కపెట్టలేదు.