వేలంకర్ కళ్లు చూడండి

పాత పోలీసు సినిమాలు ఇప్పుడు నత్తనడకలా ఉంటాయని మీ వ్యాసంలో రాశారు. 1983 నాటి హిందీ సినిమా ‘అర్ధ్ సత్య’ విషయంలో మాత్రం ఒప్పుకోలేనండీ. మొన్న రాత్రే మళ్లీ చూశాను. ఓం పురి వేసిన సబ్ ఇన్‌స్పెక్టర్ వేలంకర్, ఎవరి మీదో ఉన్న కసినంతా లాకప్‌లో ఒక చిల్లర దొంగ మీద తీర్చుకుంటాడు. వాడు చచ్చిపోతాడు. అక్కడ విజిల్ వేయాలనిపించదు, కడుపులో దేవినట్టవుతుంది. ఆ తర్వాత వచ్చిన పోలీసు కథల్లో ఆ కోపం మిగిలింది, ఆ సిగ్గు పోయింది. 1989లో ‘అంకుశం’లో రాజశేఖర్ నిప్పులు చెరుగుతుంటే నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే, ఆ సినిమా ఇప్పటికీ ఇష్టమే. కానీ ఎన్‌కౌంటర్‌ని ఇంటర్వెల్ బ్యాంగ్‌గా వాడుకునే ఇప్పటి దర్శకులు వేలంకర్ కళ్లను ఒక్కసారి చూడాలి. మాఫియా నాయకుడు రామా శెట్టిని చంపాక అతను నేరుగా వెళ్లి లొంగిపోతాడు.