గుడ్డ ఇచ్చేశాం, ఏం కుడతాడో చూద్దాం

ముసలితనం అనేది కేవలం ముడిసరుకు కొరత అని నాకు ఈ మధ్యనే తెలిసింది. ఇన్నాళ్ళూ జనం దీన్ని కాలం అనీ కర్మ అనీ అనుకుంటూ కూర్చున్నారు గానీ అసలు సంగతేంటంటే ఒంట్లో హార్మోన్లు తయారుచేసే సరుకు అయిపోతోంది, అంతే, ఆ సరుకేదో సీసాలో కొనుక్కొచ్చి రోజుకొకటి మింగేస్తే ఫ్యాక్టరీ మళ్ళీ మొదలవుతుంది. ఇంత చిన్న విషయానికి ఎండోక్రైనాలజీ అని, హార్మోన్ల వైద్యం అని ఏళ్ళకేళ్ళు చదవడం దేనికో.

సరుకు పేరు డీహెచ్ఈఏ. కిడ్నీల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు దీన్ని ఎక్కువగా తయారుచేస్తాయి, 20ల్లో నిండుగా ఉంటుంది, 70 - 80 ఏళ్ళొచ్చేసరికి అందులో 10 నుంచి 20 శాతం మిగులుతుంది. కాబట్టి లాజిక్ క్లియర్: ఇది తగ్గింది, మనం ముసలాళ్ళమయ్యాం, ఇది పెంచితే కుర్రాళ్ళమవుతాం. ఆ లెక్కన వయసుతో జుట్టు కూడా నెరుస్తుంది కదా, రంగేసుకుంటే మోకాళ్ళ నొప్పి పోవాలి కదా అని ఎవడో అడిగాడు. అలాంటి నెగెటివ్ మనుషులకి దూరంగా ఉండాలి.

ఇంక ఇది పనిచేసే తీరు చూస్తే చేతులెత్తి మొక్కాలి. ఒంట్లో కొలెస్ట్రాల్ నుంచి ప్రెగ్నెనలోన్, దాన్నుంచి డీహెచ్ఈఏ, దాన్నుంచి ఆండ్రోస్టీన్‌డయోన్, అక్కణ్ణుంచి దారి చీలిపోయి అటు పోతే మగ హార్మోన్ టెస్టోస్టిరాన్, ఇటు పోతే ఆడ హార్మోన్ ఈస్ట్రోజెన్ (టెస్టోస్టిరాన్ అయ్యాక కూడా మనసు మార్చుకుని ఈస్ట్రోజెన్ అవ్వచ్చు, ఆ సౌకర్యం కూడా ఉంది). ఎటు ఎంత పోవాలో సీసా అమ్మినవాడు చెప్పడు, మింగినవాడు చెప్పలేడు, ఏ కణంలో ఏ ఎంజైమ్ ఉంటే దాని ఇష్టం. అంటే టైలర్‌కి గుడ్డ ఇచ్చి, కొలతలివ్వకుండా, ఏం కుట్టాలో కూడా చెప్పకుండా వచ్చేయడం. చొక్కా కుడతాడా జాకెట్టు కుడతాడా అనేది సస్పెన్స్. కండల కోసం మింగిన మగాడికి రొమ్ములు రావచ్చు, నిగారింపు కోసం మింగినావిడకి మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు, బొంగురు గొంతు రావచ్చు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు, ఆ పాతకాలపాయన కనీసం మట్టి ఊరికే తెచ్చుకున్నాడు.

ఆండ్రోస్టీన్‌డయోన్ సంగతి చెప్పకపోతే పాపం. 1998లో అమెరికా బేస్‌బాల్ ఆటగాడు మార్క్ మెక్‌గ్వైర్ లాకర్లో దీని సీసా కనపడింది, ఆ ఏడాదే ఆయన 70 హోమ్ రన్లు కొట్టాడు, ఇంకేముంది, సీసాలు ఎగబడి కొన్నారు. మరుసటేడే కుర్రాళ్ళకి ఇదే ఇచ్చి 8 వారాలు బరువులెత్తించి చూస్తే టెస్టోస్టిరాన్ పెరగలా, ఈస్ట్రోజెన్ పెరిగింది, మంచి కొలెస్ట్రాల్ తగ్గింది, కండలు ఉత్తుత్తి మాత్రలు మింగినవాళ్ళతో సమానంగానే వచ్చాయి. 2010లో మెక్‌గ్వైరే తను స్టెరాయిడ్లు కూడా వాడానని ఒప్పుకున్నాడు. అంటే అసలు పనిచేసింది వేరే సీసా అయితే, జనం కొన్నది దాని పక్క సీసా.

చట్టం విషయానికొస్తే అదింకా ముచ్చటగా ఉంటుంది. 1985లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ డీహెచ్ఈఏని డాక్టరు చీటీ లేకుండా అమ్మొద్దంది, 1994లో సప్లిమెంట్ల చట్టం వచ్చింది, అదే పొడి ఆహారం కేటగిరీలో కూర్చుని మళ్ళీ షాపుకొచ్చింది. మందుగా గుమ్మం దాటలేనిది తిండిగా నడిచొచ్చింది. 2004లో ఆండ్రోస్టీన్‌డయోన్‌ని స్టెరాయిడ్ల లిస్టులో వేసి డీహెచ్ఈఏని మాత్రం పేరుపెట్టి మరీ వదిలేశారు, అంటే కొడుకు జైల్లో, తండ్రి షెల్ఫులో. అదే డీహెచ్ఈఏని ఏ క్రీడాకారుడో మింగితే డోపింగ్ కింద పట్టుకుంటారు, షాపులో కొన్నానండీ బిల్లుంది అంటే వినరు.

సీసాలో ఎంతుందో కూడా సస్పెన్సే. 1998లో 16 బ్రాండ్లు పరీక్షిస్తే లేబుల్ మీద రాసినదాంట్లో సున్నా నుంచి 150 శాతం దాకా తేలింది. నా దృష్టిలో ఆ సున్నా వాడే నిజాయితీపరుడు, ఎవరికీ ఏ హానీ చెయ్యలేదు.

ఒంట్లోకి వెళ్ళి హార్మోన్లయిపోతాయని అమ్మే అడవి దుంప క్రీములు, మాత్రలు ఇంకో ముచ్చట. మెక్సికో దుంపల్లోని డయోస్జెనిన్ అనే పదార్థం నుంచి రసెల్ మార్కర్ అనే కెమిస్టు 1940ల్లో ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్ తీసిన మాట నిజమే, కాకపోతే ల్యాబులో, రసాయనాలు పోసి. మన ఒంట్లో ఆ పని చేసే ఎంజైములు లేవు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు ప్రొజెస్టిరాన్.

డాక్టర్లు అసలు వాడరా అంటే వాడతారు. మెనోపాజ్ తర్వాత కలయికలో నొప్పికి యోనిలో పెట్టుకునే ప్రాస్టెరోన్ అని ఇదే పదార్థం, 2016లో అనుమతొచ్చింది, 6.5 మిల్లీగ్రాములు. అడ్రినల్ గ్రంథులు దెబ్బతిన్న కొందరు ఆడవాళ్ళకి కూడా చూసి చూసి ఇస్తారు. రొమ్ము, అండాశయం, ప్రొస్టేట్ క్యాన్సర్ వచ్చినవాళ్ళని దగ్గరికే రానివ్వరు. నాకైతే ఈ పద్ధతి నచ్చదు, డాక్టరుంటాడు, పరీక్షలుంటాయి, కొలతలుంటాయి, టైలర్‌కి అన్నీ చెప్పి కుట్టించుకోవడంలో థ్రిల్ ఏముంటుంది చెప్పండి. మనవాళ్ళ పద్ధతే వేరు, ఏం మందులు వాడుతున్నారు అని డాక్టరడిగితే ఏం లేవండీ అంటారు, సీసా బ్యాగులోనే ఉంటుంది, అది మందు కాదు కదా, తిండి.

ఇంతకీ పెద్దవయసు వాళ్ళకి రెండేళ్ళు డీహెచ్ఈఏ ఇచ్చి చూసిన ఫలితాలు 2006లో వచ్చాయి. ఎముకల్లో అక్కడక్కడా కాస్త తేడా తప్ప బలం పెరగలా, కండ పెరగలా, ఓపిక పెరగలా. కానీ ఆ పరిశోధనని విమర్శించేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతున్నారు, రక్తంలో డీహెచ్ఈఏ మాత్రం కుర్రాళ్ళ లెవెల్‌కి పెరిగింది! ఇప్పుడు ఆ ల్యాబ్ రిపోర్టు పాతికేళ్ళ కుర్రాడిది. దాన్ని కళ్ళజోడు పెట్టుకుని, చెయ్యి దూరంగా చాపి, రెండోసారి చదువుకుంటున్న పెద్దాయనకి డెబ్బై రెండు.